గుండె మళ్లీ కొట్టుకున్నాక మెదడు సంగతేంటి? రక్త పరీక్ష ఎంతవరకు చెప్పగలదు?

గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ చేసి, అవసరమైతే షాక్ ఇచ్చి, మళ్లీ నాడి తెప్పించడం ఒక ఎత్తు. ఆ మనిషి కళ్లు తెరిచి ఇంటివాళ్లను గుర్తుపట్టడం ఇంకో ఎత్తు. కార్డియాక్ అరెస్ట్ తర్వాత ఐసీయూకు చేరేవారిలో చాలామందికి స్పృహ ఉండదు. వాళ్లలో చనిపోయేవారిని తీసుకుంటే, ఎక్కువమంది ప్రాణం పోయేది గుండె వల్ల కాదు, మెదడుకు తగిలిన దెబ్బ వల్ల. బీపీ నిలకడగానే ఉంటుంది, కిడ్నీలు పనిచేస్తుంటాయి, మనిషి మాత్రం పలకడు. అలా మూడో రోజు వచ్చేసరికి బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు డాక్టరును అడిగేది ఒక్కటే: ఆశ ఉందా, లేదా?

దీనికి రక్త పరీక్షతో జవాబు చెప్పాలని వైద్యులు మూడు దశాబ్దాలకు పైగా ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయత్నం చాలా దూరమే వచ్చింది. కాకపోతే చర్చ అంతా ఎక్కువ అంకె చుట్టూనే తిరుగుతోంది: ఎంత దాటితే ఆశ వదులుకోవచ్చు అని. ఇన్నేళ్ల పరిశోధనను నిదానంగా చూస్తే, ఈ పరీక్షల అసలు బలం తక్కువ అంకెలో ఉందనిపిస్తుంది.

ముందు మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం. శరీరం బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతమే, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు దానికే కావాలి. దాచుకున్న నిల్వలు దాదాపు లేవు. రక్తప్రసరణ ఆగిన కొన్ని సెకన్లకే స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో కణాల్లోని ఇంధనం అయిపోతుంది. అన్ని భాగాలూ ఒకేలా దెబ్బతినవు. జ్ఞాపకాలతో సంబంధం ఉన్న హిప్పోక్యాంపస్, పై పొర అయిన కార్టెక్స్, కదలికలను సరిచూసే చిన్నమెదడు ముందుగా దెబ్బతింటాయి. ఊపిరినీ గుండెనూ నడిపే మెదడు కాండం కాస్త తట్టుకుంటుంది. అందుకే కొందరు స్పృహ లేకపోయినా తమంతట తాము ఊపిరి తీసుకోగలరు. ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం తిరిగి పారడం మొదలయ్యాక కూడా నష్టం ఆగదు, కొన్ని కణాలు ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లో మెల్లగా చనిపోతాయి. కాబట్టి తొలి గంటల్లో చేసే ఏ పరీక్షా పూర్తి నష్టాన్ని చూపలేదు.

చనిపోతున్న కణం గోడ పగిలి, లోపలి ప్రొటీన్లు బయటికొస్తాయి. వాటిలో కొంత రక్తంలోకి చేరుతుంది. దాన్ని కొలిస్తే ఎంత మెదడు పోయిందో ఓ అంచనా దొరుకుతుందన్నదే ఈ బయోమార్కర్ల వెనకున్న ఆలోచన. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. రక్తం చెప్పేది ఎంత పోయిందనే గానీ, ఎక్కడ పోయిందని కాదు.

వీటిలో పాతకాపు న్యూరాన్ స్పెసిఫిక్ ఎనోలేజ్, క్లుప్తంగా ఎన్‌ఎస్‌ఈ. గ్లూకోజ్ నుంచి శక్తి తీసే పనిలో ఉండే ఎంజైమ్ ఇది. ఆరోగ్యవంతుల రక్తంలో లీటరుకు సుమారు 17 మైక్రోగ్రాముల లోపే ఉంటుంది. రక్తంలోకి వచ్చాక సగానికి తగ్గడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఈ చిన్న లెక్క తెలియకపోతే రిపోర్టును తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది. ఇద్దరు రోగులను ఊహించుకుందాం. మొదటివారికి 24 గంటలకు 42, 48 గంటలకు 31, 72 గంటలకు 20 వచ్చింది. రెండోవారికి అదే వరుసలో 28, 75, 110. తొలిరోజు రిపోర్టు ఒక్కటే చూస్తే మొదటివారి పరిస్థితే దారుణం అనిపిస్తుంది. వరుస మొత్తం చూస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది. మొదటివారిలో మొదట విడుదలైనది కరిగిపోతోంది, కొత్తగా పెద్దగా రావడం లేదు. రెండోవారిలో కణాలు ఇంకా చనిపోతూనే ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఈని ఒక్కసారి తీసి వదిలేస్తే ఆ పరీక్షకు అర్థమే లేదు. 24, 48, 72 గంటల దగ్గర మూడుసార్లు తీయాలి, ప్రతి గొట్టం మీదా సమయం రాయాలి.

పేరులో న్యూరాన్ ఉంది కదా అని ఇది మెదడులోంచి మాత్రమే వస్తుందనుకుంటే పొరపాటు. ఎర్ర రక్తకణాల్లోనూ, ప్లేట్‌లెట్లలోనూ ఇదే ఎంజైమ్ ఉంటుంది. సన్నని సూదితో గట్టిగా లాగినా, గొట్టాన్ని బాగా కుదిపినా, ల్యాబ్‌కు పంపడంలో ఆలస్యమైనా ఎర్రకణాలు పగులుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక సీరం లేత పసుపు రంగులో తేలాలి. గులాబీగానో ఎర్రగానో కనిపిస్తే ఆ అంకెలో కొంత భాగం మెదడుది కాదు. ఎక్మో (రక్తాన్ని బయట తిప్పి ఆక్సిజన్ ఎక్కించే యంత్రం), గుండెకు సాయంగా పెట్టే బెలూన్ పంపు, డయాలసిస్ లాంటివి నడుస్తున్న రోగుల్లో ఎర్రకణాలు శరీరంలోనే పగులుతుంటాయి, కాబట్టి గొట్టం జాగ్రత్తగా తీసినా సమస్య తప్పదు. మంచి ల్యాబ్‌లు ఎన్‌ఎస్‌ఈతో పాటు ఎర్రకణాలు ఎంత పగిలాయో చూపే సూచికనూ రిపోర్టులో ఇస్తాయి. అది లేని రిపోర్టును కాస్త అనుమానంగానే చూడాలి.

ఎన్‌ఎస్‌ఈకి ఇంకో ముఖం ఉంది. స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్‌లో, పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమాలో కూడా ఇది పెరుగుతుంది. మన దగ్గర పెద్ద ల్యాబ్‌ల జాబితాల్లో ఈ పరీక్ష ఎక్కువగా క్యాన్సర్ మార్కర్ల వరుసలోనే కనిపిస్తుంది. క్యాన్సర్‌కు రిపోర్టు రెండు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. ఐసీయూలో నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకు మాత్రం రిపోర్టు అదే రోజు చేతికి రావాలి.

ఇక కటాఫ్‌ల, అంటే ఎంత దాటితే ఆశ లేదనే గీతల చరిత్ర. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు 32 ఐసీయూల రోగుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ఎన్‌ఎస్‌ఈ కొలిచిన 231 మందిలో 138 మందికి 33 దాటింది. ఆ 138 మందిలో ఒక్కరు కూడా స్పృహలోకి రాలేదు. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 1 నుంచి 3 రోజుల మధ్య 33 దాటితే కోలుకునే అవకాశం లేనట్టే అని మార్గదర్శకాల్లో పెట్టింది. పైన ఊహించుకున్న మొదటి రోగి గుర్తున్నారా? తొలిరోజు 42తో, ఈ నియమం ప్రకారం వారి పేరు ఆశ లేని జాబితాలో చేరిపోయేది.

138లో సున్నా అంటే వినడానికి ఎదురులేని లెక్కలా ఉంటుంది. గణాంకాల లెక్కలో చూస్తే, అసలు తప్పు 100కు 3 వరకు ఉండటానికి ఆస్కారం ఉందని ఆ అధ్యయనమే చెప్పింది. ఆ జాగ్రత్త మాట మార్గదర్శకం నుంచి వార్డుకు చేరేసరికి ఎక్కడో రాలిపోయింది. తర్వాతి ఏళ్లలో శరీరాన్ని చల్లబరిచే చికిత్స వాడకం పెరిగింది, ఐసీయూ సంరక్షణ మెరుగైంది. 33 దాటినా ఇంటికి నడిచి వెళ్లినవాళ్లు కనిపించసాగారు. ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకంగా కొలవడం కూడా గందరగోళాన్ని పెంచింది. 2017లో 1053 మంది రోగుల సమాచారంతో వచ్చిన బహుకేంద్ర అధ్యయనం మూడో రోజు 90 దాటితేనే గట్టిగా చెప్పగలమంది. 2021లో యూరోపియన్ రిససిటేషన్ కౌన్సిల్, యూరోపియన్ ఇంటెన్సివ్ కేర్ సొసైటీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 48 లేదా 72 గంటలకు 60 అనే అంకె ఉంది. 33, 90, 60. పదిహేనేళ్లలో గీత ఇన్నిచోట్లకు జరిగిందంటే, గీతకు కొంచెం అటూ ఇటూ ఉన్న రోగి విషయంలో దాన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

చల్లబరచడం వల్లే ఎన్‌ఎస్‌ఈ మారిందేమో అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 2013లో ఫలితాలు వచ్చిన టీటీఎం అనే అంతర్జాతీయ ట్రయల్‌లో రోగులను రెండు వర్గాలు చేసి ఒకరిని 33 డిగ్రీల దగ్గర, ఇంకొకరిని 36 డిగ్రీల దగ్గర ఉంచారు. వాళ్ల రక్త నమూనాలను లక్సెంబర్గ్‌లోని బయోబ్యాంకులో గడ్డకట్టించి భద్రపరిచారు. 2015లో 686 మంది నమూనాల విశ్లేషణ వచ్చింది. రెండు వర్గాల మధ్య ఎన్‌ఎస్‌ఈలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పాత కటాఫ్ దెబ్బతినడానికి ఉష్ణోగ్రత ఒక్కటే కారణమని చెప్పి తప్పించుకోవడానికి లేదు. పాత అంకెకు ఆధారమైన రోగుల సంఖ్యే తక్కువ.

ఆ భద్రపరిచిన నమూనాలే తర్వాత గనిలా పనికొచ్చాయి. అందులోంచి వచ్చిన పెద్ద వార్త న్యూరోఫిలమెంట్ లైట్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్. నాడీకణం నుంచి సాగే పొడవాటి తంతువును ఆక్సాన్ అంటారు. దాని ఆకారం నిలబెట్టే సన్నని పోగుల్లో ఇదొకటి. ఇల్లు కూలాకే వాసాలు బయటపడ్డట్టు, ఆక్సాన్ చితికితే గానీ ఇది పెద్దమొత్తంలో రక్తంలోకి రాదు. ఎర్రకణాల్లో ఉండదు కాబట్టి సీరం ఎర్రబారిందన్న గొడవ లేదు. రక్తంలో ఇది ఉండేది మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో. అంత తక్కువను కొలిచే సిమోవా లాంటి యంత్రాలు వచ్చాకే రక్తంలో చూడటం వీలైంది. అంతకుముందు వెన్నులోంచి నీరు తీయాల్సివచ్చేది.

2019లో స్వీడన్ పరిశోధకుల నాయకత్వంలో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 717 మంది టీటీఎం రోగులది. ఆరు నెలల తర్వాత ఎవరి పరిస్థితి బాగుంది, ఎవరిది బాగాలేదు అన్నదాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ 24 గంటలకే 0.94 స్థాయిలో వేరుచేసింది. ఈ అంకెకు అర్థం ఇదీ: కోలుకున్నవారిలో ఒకరిని, కోలుకోనివారిలో ఒకరిని కళ్లు మూసుకుని ఎంచుకుంటే, 100 సార్లలో 94 సార్లు కోలుకోనివారి ఎన్‌ఎఫ్‌ఎల్లే ఎక్కువగా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఈ 48 గంటలకు కూడా 0.85 దగ్గర ఆగుతుంది. ఒక రోజు ముందుగా, ఇంకాస్త కచ్చితంగా చెప్పడం చిన్న విషయమేమీ కాదు.

అలాగని ఇది మచ్చలేని పరీక్ష కాదు. వయసుతో ఎన్‌ఎఫ్‌ఎల్ పెరుగుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్ఎస్, నరాల జబ్బులు, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ముందునుంచే ఎక్కువగా ఉంటుంది. ఎనభై ఏళ్ల డయాలసిస్ రోగికి, ముప్ఫై ఏళ్ల కుర్రాడికి ఒకే గీత పనికిరాదు. ఒక యంత్రం చూపిన అంకెను ఇంకో యంత్రం అంకెతో నేరుగా పోల్చలేం.

మిగతావాటి గురించి క్లుప్తంగా. టౌ ప్రొటీన్ మీద 2017లో టీటీఎం నమూనాలతోనే మంచి ఫలితాలు వచ్చాయి, అయితే దాని బలం బాగా తెలిసేది 72 గంటలకు. ఎస్100బీ నాడీకణాలది కాదు, వాటికి తోడుండే కణాలది. రక్తంలో కొద్ది గంటలే నిలుస్తుంది, దానికి పెద్దగా ఆదరణ మిగల్లేదు. జీఎఫ్ఏపీ, యూసీహెచ్‌ఎల్1 అనే మెదడు ప్రొటీన్ల జంట కథ వేరే. తలకు దెబ్బ తగిలినవారిలో సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చడానికి అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే ఈ రెండింటి పరీక్షకు అనుమతి ఇచ్చింది. గుండె ఆగినవారిలో వీటి వాడకం ఇంకా పరిశోధన దశ దాటలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాలు టౌ, ఎన్‌ఎఫ్‌ఎల్, జీఎఫ్ఏపీ, ఎస్100బీ ఉపయోగం అనిశ్చితమనే చెప్పాయి.

ఈ పరిశోధనలన్నిటి వెనకా ఒక ఇబ్బందికరమైన విషయం ఉంది, దాన్ని దాటవేసే వ్యాసాలే ఎక్కువ. పాశ్చాత్య దేశాల ఐసీయూల్లో కోలుకునే సూచనలు లేవనుకుంటే వెంటిలేటర్ తీసేస్తారు, రోగి చనిపోతాడు. ఆ మరణం అధ్యయనంలో చెడు ఫలితంగా నమోదవుతుంది. అంటే రోగి కోలుకోడని పరీక్ష చెప్పింది, దాన్ని నమ్మి చికిత్స ఆపారు, మరణం వచ్చింది, పరీక్ష నిజమైందని రాసుకున్నారు. ఇంకో వారం ఆగితే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. భద్రపరిచిన రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌ను ఏళ్ల తర్వాత కొలిచారు కాబట్టి ఆ అంకె చూసి ఎవరూ వెంటిలేటర్ తీయలేదు, ఇది కొంత ఊరట. కానీ ఆనాడు డాక్టర్లు చూసిన ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), కంటిపాప స్పందనలు కూడా అదే నష్టాన్ని చూపిస్తాయి కదా, అందువల్ల మకిలి పూర్తిగా వదలదు. ఈ విషయంలో ఇటలీ, దక్షిణ కొరియా అధ్యయనాలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇటలీలో ప్రోనెకా అనే అధ్యయనం సాగిన ఆసుపత్రుల్లో చికిత్స ఉపసంహరణ లేదు. కొరియాలో 2018లో చట్టం అమల్లోకి వచ్చేదాకా అది దాదాపు జరిగేదే కాదు. ఆ రోగులు తమ దారిన తాము కోలుకున్నారు, లేదా కోలుకోలేదు.

అందుకే 2021 యూరోపియన్ మార్గదర్శకాలు రక్త పరీక్షను ఒంటరిగా నమ్మొద్దంటాయి. 72 గంటలు గడవాలి, మత్తుమందుల ప్రభావం పోవాలి, అప్పటికీ రోగి స్పృహలేకుండా ఉండాలి. ఆ తర్వాత కంటిపాప, కార్నియా రెండు స్పందనలూ లేకపోవడం, మణికట్టు దగ్గర నరానికి కరెంటు ఇచ్చినా మెదడు రెండువైపులా అందుకోకపోవడం, ఈఈజీ బాగా చెడిపోవడం, ఎన్‌ఎస్‌ఈ 60 దాటడం, తొలి 72 గంటల్లో ఒళ్లంతా ఆగకుండా అదురుతూ ఉండటం, స్కాన్‌లో విస్తారమైన నష్టం కనిపించడం, వీటిలో కనీసం రెండు ఉంటేనే చెడు ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ అనాలి. ఒక్కటే ఉంటే, లేదా ఒకదానితో ఒకటి పొసగకపోతే, ఆగి మళ్లీ చూడాలి. మత్తు సంగతి ముఖ్యంగా చెప్పుకోవాలి. కిడ్నీ, లివర్ మందగించినవారిలో మిడజోలమ్ లాంటి మందు ఆపాక కూడా చాలాసేపు ఒంట్లో ఉంటుంది. ఈఈజీనీ స్పందనలనూ మత్తు మభ్యపెడుతుంది, ఎన్‌ఎస్‌ఈని మభ్యపెట్టలేదు. మూడో రోజు రక్త పరీక్షకు ఉన్న ప్రత్యేకత ఇదే.

ఇక్కడే తక్కువ అంకె విలువ తెలుస్తుంది. రోగి పలకడం లేదు, మత్తు వల్లో కాదో తేల్చుకోలేకపోతున్నారు, ఇంట్లో అందరూ టెన్షన్‌తో ఉన్నారు, అప్పుడు 72 గంటల ఎన్‌ఎస్‌ఈ 17 లోపు వస్తే, మెదడు పెద్దయెత్తున చనిపోలేదన్నది బలమైన సమాచారం. ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా మామూలుగా ఉంటే ఇంకా బలం. ఇటీవలి సమీక్షలు మంచి సూచనల జాబితాలో మామూలు ఎన్‌ఎస్‌ఈని, తొలిరోజుల్లోనే తెగకుండా సాగే ఈఈజీని, దెబ్బ కనిపించని ఎంఆర్‌ఐని చేరుస్తున్నాయి. ఎక్కువ అంకెను నమ్మి పొరపడితే బతికేవాడిని పోగొట్టుకుంటాం. తక్కువ అంకెను నమ్మి పొరపడితే కొన్ని రోజులు ఎక్కువ వేచి ఉంటాం. రెండు పొరపాట్లూ సమానం కావు. కాబట్టి ఈ పరీక్షకు మొదటి పని తొందరపాటు నిర్ణయాన్ని ఆపడమే అయ్యుండాలి.

మన దేశంలో ఈ మాటకు ఇంకాస్త బరువుంది. చికిత్స ఉపసంహరణకు దారి చూపుతూ సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పునిచ్చి, 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులభం చేసింది. రెండు వైద్య బోర్డులు చూసి ఒప్పుకోవాలి. ఆచరణలో ఎక్కువ జరిగేది మాత్రం ఇది కాదు. బిల్లు పెరిగి, ఎవరూ గట్టిగా ఏమీ చెప్పక, వైద్య సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ సంతకానికి మూడు రోజులూ పట్టదు ఒక్కోసారి. మూడు గొట్టాల రక్తం ఖర్చు ఒక్కరోజు ఐసీయూ ఖర్చు ముందు ఏపాటిది?

బ్రెయిన్ డెత్‌తో దీన్ని కలిపేయకూడదు. జీవన్‌దాన్ కింద అవయవదానం గురించి తెలుగు రాష్ట్రాల్లో అందరూ వింటున్నారు కాబట్టి ఈ రెండూ ఒకటే అనుకునేవారున్నారు. బ్రెయిన్ డెత్ ప్రకటించడానికి చట్టప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష, తనంతట తాను ఊపిరి తీసుకోగలడో లేదో చూసే ఆప్నియా పరీక్ష ఉండాలి. అందులో ఎన్‌ఎస్‌ఈకి గానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి గానీ చోటు లేదు. కోమాలో ఉన్న మనిషి చట్టం దృష్టిలోనూ వైద్యం దృష్టిలోనూ బతికున్న మనిషే.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఇంటివాళ్లు డాక్టరును అడగాల్సినవి: ఏ గంటకు తీశారు, నిన్నటిది ఎంత, సీరంలో ఎర్రకణాలు పగిలాయా, మత్తు ఆపి ఎంతసేపైంది, ఈఈజీ కూడా ఇదే చెబుతోందా.

మంచి ఫలితం అన్న మాటను కూడా కాస్త పరిశీలించాలి. ఈ అధ్యయనాల్లో రోగి పరిస్థితిని ఎక్కువగా సీపీసీ అనే 1 నుంచి 5 కొలమానంతో చూస్తారు. 1, 2 వస్తే మంచిది. 2 అంటే తన పనులు తాను చేసుకోగలడు, కానీ లోపాలు ఉండొచ్చు. బ్యాంకులో లెక్కలు చూసిన మనిషి మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేకపోయినా, చెప్పిందే మళ్లీ చెబుతున్నా, చిన్న విషయానికి కోపం తెచ్చుకుంటున్నా ఆ లెక్కలో అది మంచి ఫలితమే. బతికి బయటపడ్డవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లోపాలు చాలామందిలో కనిపిస్తాయి. మామూలుగా వచ్చిన ఎన్‌ఎస్‌ఈ వాటిని ముందుగా పట్టలేదు. హిప్పోక్యాంపస్ చాలా చిన్నది, అది దెబ్బతిన్నా రక్తంలోకి వచ్చే ప్రొటీన్ కొంచెమే. యూరోపియన్ మార్గదర్శకాలు డిశ్చార్జికి ముందు ఒకసారి, ఇంటికి వెళ్లాక 3 నెలల్లోపు ఇంకోసారి జ్ఞాపకశక్తినీ మానసిక స్థితినీ అలసటనూ పరీక్షించమంటాయి. డిశ్చార్జి కాగితాల్లో గుండె మందుల పట్టిక పక్కన ఆ పరీక్ష తేదీ కూడా ఉందో లేదో చూసుకోవాలి.